గెలిపించింది ఎవరు? విన్ ప్రాబబిలిటీ లెక్క చెప్పేది, చెప్పలేనిది

2019 మే 12 రాత్రి ఉప్పల్ రాజీవ్ గాంధీ స్టేడియంలో ఐపీఎల్ ఫైనల్ ఒక్క పరుగు తేడాతో తేలింది. ముంబై ఇండియన్స్ 149, చెన్నై సూపర్ కింగ్స్ 148. 4 ఓవర్లలో 14 పరుగులే ఇచ్చి 2 వికెట్లు తీసిన జస్‌ప్రీత్ బుమ్రాకు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ దక్కింది. అయితే ఆఖరి బంతికి శార్దూల్ ఠాకూర్‌ను ఎల్బీడబ్ల్యూ చేసింది లసిత్ మలింగ. అంతకు రెండు బంతుల ముందు, 59 బంతుల్లో 80 కొట్టి మ్యాచ్‌ను చెన్నై వైపు లాగేస్తున్న షేన్ వాట్సన్ రనౌటైంది కృనాల్ పాండ్యా విసిరిన త్రోకి. మొదటి ఇన్నింగ్స్‌లో కీరన్ పొలార్డ్ 25 బంతుల్లో 41 చేయకపోతే కాపాడుకోవడానికి ఆ 149 కూడా ఉండేవి కావు.

మరి గెలిపించింది ఎవరు? మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఐపీఎల్ నెలల్లో ప్రతి సోమవారం లంచ్ టేబుల్ దగ్గర నడిచే వాదన ఇదే. సగటు, స్ట్రైక్ రేటు, ఎకానమీ చూసి ఈ వాదన తేలదు. ఎన్ని పరుగులో అవి చెబుతాయి, ఎప్పుడొచ్చిన పరుగులో చెప్పవు. ఆ వెలితి తీర్చడానికి వచ్చిందే విన్ ప్రాబబిలిటీ, అంటే ప్రతి బంతికి ముందూ తర్వాతా జట్టు గెలుపు అవకాశం ఎంత శాతమో కట్టి, ఆ తేడాను ఆటగాడి ఖాతాలో వేసే పద్ధతి. ఇప్పుడది టీవీ తెర మూలన అందరికీ కనిపిస్తోంది. దాన్ని ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ ఆగాలి అన్నది పరిశీలించాల్సిన సమయం వచ్చింది.

బేస్‌బాల్ వేసిన పునాది

ఈ ప్రశ్నను అంకెల్లో మొదట పట్టుదలగా అడిగినవాళ్లు బేస్‌బాల్ అభిమానులు. అందుకు ఆ ఆట స్వభావమే కారణం. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో దఫాలో ముగ్గురు ఔటయ్యేదాకా బ్యాటింగ్, పరుగు కోసం చుట్టి రావాల్సిన మూడు బేస్‌లు. ఏ బేస్ మీద ఎవరున్నారన్నది ఎనిమిది రకాలు, ఔట్లు సున్నా, ఒకటి, రెండు. మొత్తం 24 స్థితులు. వీటికి ఇన్నింగ్స్ సంఖ్య, స్కోరు తేడా కలిపితే మ్యాచ్ ఏ క్షణంలో ఎక్కడుందో పూర్తిగా చెప్పేయొచ్చు. అదే స్థితిలో గతంలో ఉన్న జట్లు ఎన్నిసార్లు గెలిచాయో లెక్కిస్తే గెలుపు అవకాశం వస్తుంది.

కెనడాకు చెందిన జార్జ్ లిండ్సే 1960ల తొలినాళ్లలోనే ఇలాంటి లెక్కలు ప్రచురించారు. 1970లో ఎల్డన్, హార్లన్ మిల్స్ సోదరులు మరో అడుగు వేసి, 1969 సీజన్‌లో ప్రతి ఆటగాడు తన జట్టు గెలుపు అవకాశాన్ని ఎంత పెంచాడో, ఎంత తగ్గించాడో కూడి ఒక పుస్తకంగా తెచ్చారు. ఆనాడు పెద్దగా పట్టించుకున్నవారు లేరు. ఇంటర్నెట్ వచ్చి ప్రతి మ్యాచ్ వివరాలూ అందరికీ అందాక ఆ ఆలోచనకు మళ్లీ జీవం వచ్చింది. టామ్ టాంగో, మిచెల్ లిక్ట్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్ 2006లో రాసిన పుస్తకం, ఫ్యాన్‌గ్రాఫ్స్ వంటి సైట్లు ఆ ఆట అభిమానులకు దీన్ని రోజువారీ సమాచారంగా మార్చేశాయి.

లెక్క సూత్రం సులువు. రెండు సమాన జట్లు 50 శాతం దగ్గర మొదలుపెడతాయి. ఒక్కో ఘట్టానికి అవకాశం ఎంత మారితే అంత బ్యాటర్‌కు జమ, బంతి విసిరే పిచర్‌కు ఖర్చు, లేదా అందుకు తిరగేసి. మ్యాచ్ ముగిసేసరికి గెలిచిన జట్టు ఆటగాళ్లందరి మొత్తం సరిగ్గా +50, ఓడిన జట్టుది -50. 1988 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఒక పరుగు వెనకబడి, చివరి ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటై, ఒక్కరే బేస్ మీద ఉన్నప్పుడు, కాళ్ల నొప్పితో నడవడమే కష్టంగా ఉన్న కర్క్ గిబ్సన్ మ్యాచ్‌ను గెలిపించే హోమ్ రన్ కొట్టాడు. ఆ ఒక్క దెబ్బ విలువ సుమారు 87 శాతం పాయింట్లు. మామూలు స్కోరుకార్డులో అది కూడా మిగతా హోమ్ రన్‌ల లాంటిదే.

క్రికెట్‌లోకి ఎలా వచ్చింది

మన ఆటలో ఈ ఆలోచనకు దారి వేసింది వాన. ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ తయారుచేసిన పద్ధతిని 1997 జనవరి 1న జింబాబ్వే, ఇంగ్లండ్ వన్డేలో తొలిసారి వాడారు. మిగిలిన ఓవర్లు, మిగిలిన వికెట్లు కలిసి జట్టు చేతిలో ఉన్న వనరులన్నది దాని మూల సూత్రం. క్రికెట్ స్థితిని కొద్ది అంకెల్లో పట్టుకోవచ్చని అభిమానులకు అలవాటు చేసింది ఆ పద్ధతే. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో స్కాట్ బ్రూకర్, షేమస్ హోగన్ చేసిన పరిశోధన నుంచి వచ్చిన, స్కోరునూ గెలుపు అవకాశాన్నీ అంచనా కట్టే వాస్ప్ 2012 నవంబర్‌లో అక్కడి టీవీ ప్రసారాల్లో కనిపించింది. విశ్లేషణ సంస్థ క్రిక్‌విజ్ గెలుపు శాతం చూపే విన్‌విజ్‌ను తెచ్చింది. 2019లో ఈఎస్‌పీఎన్ క్రిక్‌ఇన్ఫో, ఐఐటీ మద్రాస్ కలిసి సూపర్‌స్టాట్స్ పేరుతో అంచనాలు, అదృష్టం లెక్క, ఒత్తిడిని బట్టి పరుగుల విలువ మార్చే కొలతలు మొదలుపెట్టాయి. ఇక క్రిక్‌షీట్ సైట్‌లో వేలాది మ్యాచ్‌ల బంతి బంతి వివరాలు ఉచితంగా దొరుకుతున్నాయి. కొండాపూర్‌లోని ఏ డేటా ఇంజినీర్ అయినా శని, ఆదివారాలు కూర్చుంటే సొంత మోడల్ కట్టుకోగలడు.

పరిమిత ఓవర్ల క్రికెట్‌లో రెండో ఇన్నింగ్స్ దీనికి బాగా నప్పుతుంది. కావాల్సిన పరుగులు, మిగిలిన బంతులు, చేతిలో వికెట్లు చాలు. చిక్కంతా మొదటి ఇన్నింగ్స్‌తోనే. లక్ష్యం ఇంకా పుట్టలేదు కాబట్టి ఈ పిచ్ మీద ఎంత కొడితే సరిపోతుందో మోడల్ ముందుగా ఊహించాలి. ఆ ఊహకు ఆధారం పాత సీజన్లు. 2024 మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 277 కొడితే, ముంబై జవాబుగా 246 చేసింది. 2025 ఏప్రిల్ 12న అదే మైదానంలో పంజాబ్ 245 కొట్టినా చాలలేదు. అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141తో విరుచుకుపడగా సన్‌రైజర్స్ 18.3 ఓవర్లలోనే ఛేదించింది. 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక జట్లకు ఒక బ్యాటర్ అదనంగా దొరికాడు, ఆట వేగం మారింది. పదేళ్ల డేటా మీద నేర్చిన మోడల్ ఇలాంటి చోట ఆలస్యంగా మేల్కొంటుంది. తెర మీద 12 శాతం అని కనిపిస్తే, ఏ ఏడాది క్రికెట్‌ను బట్టి 12 అని అడగడం మన హక్కు.

ఆఖరి మూడు బంతులు

లెక్కను దగ్గరగా చూద్దాం. 2019 ఫైనల్లో 15 ఓవర్లయ్యాక చెన్నైకి 30 బంతుల్లో 62 కావాలి. 16వ ఓవర్లో మలింగ 20 ఇచ్చాడు. 17వ ఓవర్లో బుమ్రా నాలుగే ఇచ్చాడు. 18వ ఓవర్లో వాట్సన్ వరసగా మూడు సిక్సర్లు బాదగా కృనాల్ 20 సమర్పించుకున్నాడు. బుమ్రా వేసిన 19వ ఓవర్లో 9 పరుగులు వచ్చాయి, బ్రావో వికెట్ పడింది. ఆఖరి ఓవర్లో 9 కావాలి. బంతి మలింగ చేతికి వచ్చింది. మొదటి మూడు బంతుల్లో 1, 1, 2. నాలుగో బంతికి ఒక పరుగు పూర్తయి, రెండో దానికి పరుగెత్తిన వాట్సన్ రనౌటయ్యాడు. ఇప్పుడు రెండు బంతుల్లో 4 కావాలి.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి నేను ఉదాహరణకు పెట్టుకున్నవే. డెత్ ఓవర్లో ఒక బంతికి డాట్ లేదా వికెట్ 35 శాతం, సింగిల్ 35, రెండు పరుగులు 12, ఫోర్ 12, సిక్స్ 6. స్కోర్లు సమమైతే సూపర్ ఓవర్లో చెరి సగం అవకాశం.

చివరి బంతికి 2 కావాలంటే రెండు పరుగులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చే అవకాశం 30 శాతం. సింగిల్ వస్తే టై, కాబట్టి 35లో సగం 17.5. మొత్తం 47.5 శాతం. ఇదే తీరున చివరి బంతికి 3 కావాలంటే 24, 4 కావాలంటే 18. ఈ మూడు తెలిస్తే రెండు బంతుల్లో 4 కావాల్సిన స్థితి కట్టేయొచ్చు. ఐదో బంతికి ఏం జరిగితే ఏ స్థితిలోకి వెళ్తామో చూసి, ఒక్కోదాన్ని దాని అవకాశంతో గుణించి కూడాలి. వచ్చేది సుమారు 38 శాతం. అలా చివరి నుంచి వెనక్కి కట్టుకుంటూ రావడమే వాస్ప్ లాంటి పద్ధతుల కీలకం.

ఐదో బంతికి ఠాకూర్ రెండు పరుగులు తీశాడు. 38 నుంచి 47.5కి, అంటే అతని ఖాతాలో దాదాపు +9. ఆఖరి బంతికి ఔట్. 47.5 నుంచి సున్నా. మలింగకు +47.5, ఠాకూర్‌కు -47.5. మరి వాట్సన్ రనౌట్? ఆ రెండో పరుగు పూర్తయి ఉంటే రెండు బంతుల్లో 3 కావాల్సి వచ్చేది. మన అంకెల ప్రకారం అది 53 శాతం. ఆ త్రో విలువ దాదాపు 15 శాతం పాయింట్లు. స్కోరుకార్డులో మాత్రం అది బ్రాకెట్లో ఒక పేరు.

ఈ లెక్కలోని గొప్పతనం ఇక్కడ కనిపిస్తుంది. 16వ ఓవర్లో 20 ఇచ్చిన మలింగ, ఆఖరి బంతి వేసిన మలింగ ఒకే ఖాతాలో కనిపిస్తారు. 4 ఓవర్లకు 49 పరుగులు, ఒక వికెట్ అని గణాంకాల్లో పేలవంగా కనిపించే బౌలింగ్‌లో ఆ చివరి బంతి ఎంత పని చేసిందో అంకె చెబుతుంది.

ఖాతా ఎవరి పేరున రాయాలి?

లోపాలు కూడా ఇదే ఓవర్లో కనిపిస్తాయి. సాధారణ పద్ధతిలో ప్రతి బంతి ఫలితం బ్యాటర్, బౌలర్ మధ్యే పంచుతారు. ఆ లెక్కన వాట్సన్ రనౌట్ మలింగకు జమ అవుతుంది. నిజానికి ఆ 15 పాయింట్లు డీప్ నుంచి విసిరిన కృనాల్‌వి, బంతి అందుకుని బెయిల్స్ పడగొట్టిన క్వింటన్ డికాక్‌వి. 18వ ఓవర్లో 20 ఇచ్చిన కృనాల్, రెండు ఓవర్లు తిరగకముందే ఆ అప్పులో కొంత తీర్చాడు. అంకె ఆ మాట చెప్పదు. ఇక 19వ ఓవర్ చివరి బంతి డికాక్‌ను దాటి నాలుగు బైలుగా వెళ్లింది. బుమ్రా బౌలింగ్ గణాంకాల్లో ఆ నాలుగు రావు. విన్ ప్రాబబిలిటీని గుడ్డిగా పంచితే మాత్రం ఆ భారం బుమ్రా మీదే పడుతుంది. ఫీల్డింగ్‌కు వేరే ఖాతా తెరవనంతకాలం ఈ పద్ధతిలో ఒక అన్యాయం మిగిలే ఉంటుంది.

రెండో లోపం సగటు ఆటగాడు. మన లెక్కలో రెండు బంతుల్లో 4 అంటే వాట్సన్ ఉన్నా 38, ఠాకూర్ ఉన్నా 38. క్రీజులో ఉన్నది ఎవరన్నది మోడల్‌కు పట్టదు. పట్టించుకునేలా కడితే మరో చిక్కు వస్తుంది. గొప్ప బ్యాటర్ దిగగానే అవకాశం పెరిగిపోతుంది, అతను మామూలుగా ఆడినా ఖర్చు రాయాల్సి వస్తుంది. అందుకే మ్యాచ్ ఎటు పోతోందో చెప్పడానికి ఒక మోడల్, ఆటగాళ్ల వాటా పంచడానికి మరో మోడల్ ఉండాలి. టీవీ తెర రెండింటినీ ఒకటిగా చూపిస్తోంది.

మూడోది, అన్నింటికన్నా లోతైనది: ఆ క్షణం బరువు. టాంగో దీన్ని లెవరేజ్ అని కొలిచాడు. గచ్చిబౌలి గోపీచంద్ అకాడమీలో తయారైన పీవీ సింధు ఆటతో ఇది బాగా అర్థమవుతుంది. 2017 ఆగస్టు 27న గ్లాస్గోలో బ్యాడ్మింటన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు సాగింది. నొజోమి ఒకుహరా 21-19, 20-22, 22-20తో గెలిచింది. ఇద్దరూ సమానమనుకుంటే మూడో గేమ్ మొదటి పాయింట్ గెలిచినవారి అవకాశం 50 నుంచి 56 శాతానికి చేరుతుంది. 20-20 దగ్గర పాయింట్ గెలిస్తే 75కి. అదే ర్యాలీ, అదే స్మాష్, విలువ నాలుగింతలు. మూడో గేమ్‌లో సింధు గెలిచిన ఇరవై పాయింట్లు లేకపోతే ఆ 20-20 ఎక్కడిది? చివరి రెండు పాయింట్లే ఓటమికి కారణమని చెప్పడం ఆమె ఆడిన ఆటకు న్యాయం కాదు. లెవరేజ్ ఆటగాడు సంపాదించుకునేది కాదు, ఆట అతనికి అందించేది.

చెప్పగలిగినది చిన్నదేం కాదు

ఇన్ని లోపాలున్నాయని ఈ లెక్కను పక్కన పడేయడం తప్పు. మన జ్ఞాపకాల్లోని అపోహలను సరిదిద్దడంలో దీనికి సాటి లేదు. 2009 నవంబర్ 5న ఉప్పల్‌లో ఆస్ట్రేలియా 350 కొడితే సచిన్ టెండూల్కర్ 141 బంతుల్లో 175 చేశాడు. 17 బంతుల్లో 19 కావాల్సిన దశలో ఔటయ్యాడు. భారత్ 3 పరుగుల తేడాతో ఓడింది. సచిన్ వంద కొడితే ఓడిపోతామన్న మాట అప్పట్లో ఎంత గట్టిగా వినిపించేదో అందరికీ గుర్తే. గెలుపు అవకాశం గీత గీసి చూస్తే, దాదాపు చేజారిన మ్యాచ్‌ను గెలుపు అంచుదాకా తీసుకొచ్చింది ఎవరో తెలుస్తుంది. జట్టు మొత్తం -50 అయినా ఒక ఆటగాడి ఖాతా భారీగా లాభంలో ఉండొచ్చని ఈ పద్ధతి ఒప్పుకుంటుంది.

హైదరాబాద్ బ్యాటర్ల విషయంలో ఇది మరీ అవసరం. వీవీఎస్ లక్ష్మణ్ టెస్టు సగటు 45.97. అతని తరం దిగ్గజాల పక్కన పెడితే ఆ అంకె కాస్త తక్కువగానే కనిపిస్తుంది. కానీ 2001 మార్చిలో కోల్‌కతాలో 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్ ఆడుతున్నప్పుడు అతను చేసిన 281, ద్రావిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం ఓడిపోయే టెస్టును 171 పరుగుల విజయంగా మార్చాయి. 2010 అక్టోబర్‌లో మొహాలీలో లక్ష్యం 216, భారత్ 124కి 8 వికెట్లు. వెన్నునొప్పితో లక్ష్మణ్ 73 నాటౌట్, ఇశాంత్ శర్మతో 81 పరుగులు, ఒక్క వికెట్ తేడాతో గెలుపు. సగటులో ఆ 73కి ఏ ప్రత్యేకతా లేదు. 2025 సెప్టెంబర్ 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్లో పాకిస్థాన్‌పై 147 ఛేదిస్తూ 20కి 3 వికెట్లు కోల్పోయినప్పుడు, హైదరాబాదీ తిలక్ వర్మ 53 బంతుల్లో చేసిన 69 నాటౌట్ కూడా అదే కోవలోది. స్ట్రైక్ రేటు చూస్తే 130 దాటింది, అంతే. ఏ స్థితిలోంచి ఎక్కడికి తెచ్చాడో చూస్తేనే ఇన్నింగ్స్ అర్థమవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ అంకె జరిగిపోయినదాని కథ, రాబోయేదానికి హామీ కాదు. బేస్‌బాల్‌లో దశాబ్దాలుగా వెతికినా, ఒత్తిడిలో మాత్రమే ప్రత్యేకంగా రాణించే గుణం ఏడాది తర్వాత ఏడాది నిలకడగా కనిపించింది చాలా తక్కువ. గొప్పగా ఆడేవాళ్లు ఒత్తిడిలోనూ గొప్పగా ఆడతారు. ఒక సీజన్ విన్ ప్రాబబిలిటీ మొత్తం చూసి వేలంలో కోట్లు కుమ్మరిస్తే, అతనికి ఆ ఏడాది దొరికిన క్షణాలకు కూడా డబ్బు కట్టినట్టే. ఇదే అంకెను పందేలకు వాడుకునే ప్రమాదమూ ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఆటను అర్థం చేసుకోవడానికి పుట్టిన లెక్క జేబులు ఖాళీ చేసే పనికి వెళ్లకూడదు.

ఐటీ కారిడార్‌కు పనికొచ్చే పాఠం

ఫీల్డింగ్‌కు ఖాతా తెరిచే పని హైదరాబాద్‌లోనే జరగొచ్చు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. ఆ సంస్థలోని కంప్యూటర్ విజన్ పరిశోధకులు 2015లో క్రికెట్ వీడియోలను బంతి బంతి కామెంటరీ పాఠంతో జతపరిచి ఏ షాటు ఎప్పుడు ఆడారో గుర్తించే పద్ధతి ప్రచురించారు. 2018లో బ్యాడ్మింటన్ ప్రసారాల నుంచి పాయింట్లు, స్ట్రోకులు విడదీసే పని చేశారు. త్రో ఎక్కడి నుంచి వచ్చింది, ఫీల్డర్ ఎంత దూరం పరుగెత్తాడు అన్నవి వీడియోలోంచి తీయగలిగితేనే కృనాల్ త్రోకి దాని ఖాతా దొరుకుతుంది. ఈ సమస్యకు కావాల్సిన మైదానం, అకాడమీ, ల్యాబ్, ఇంజినీర్లు అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. స్కోరుకార్డు వదిలేసిన పనిని లెక్కలోకి తెచ్చే పరిశోధన ఇక్కడి నుంచే రావాలని బలంగా కోరుకుంటున్నాను.

ఈ పాఠం మైదానానికే పరిమితం కాదు. ఏడాదికోసారి అప్రైజల్ సమయానికి ఐటీ కారిడార్‌లో కొన్ని లక్షలమంది పని ఇలాంటి లెక్కలోకే వెళ్తుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్ కూలిపోతే రెండు గంటల్లో నిలబెట్టినవారు అందరి కళ్లలో పడతారు. అది ఆఖరి ఓవర్, దాని లెవరేజ్ ఎక్కువ. ఆ పని నిజంగానే గొప్పది. కానీ టెస్టులు ఓపిగ్గా రాసి, కోడ్ రివ్యూలో పొరపాటు పట్టుకుని, అసలు ఆ రాత్రే రాకుండా చేసినవారి పేరు ఏ మెయిల్‌లోనూ కనిపించదు. 17వ ఓవర్లో నాలుగే ఇచ్చిన బుమ్రా పని అది. ఆ రాత్రి అవార్డు ఇచ్చినవాళ్లు దాన్ని గుర్తించారు. ఆఫీసుల్లో చాలాసార్లు గుర్తించడం లేదు.

కాబట్టి విన్ ప్రాబబిలిటీని నాలుగు షరతులతో వాడాలి. మ్యాచ్ కథ చెప్పడానికి దాన్ని ముందు పెట్టండి. ఆటగాడి నైపుణ్యం తూచడానికి సగటు, స్ట్రైక్ రేటు, ఎకానమీ పక్కన దాన్ని ఒకానొక కొలతగా ఉంచండి. పాయింట్లతో పాటు ఆ ఆటగాడికి ఎంత బరువైన క్షణాలు దొరికాయో కూడా చూపించండి, అప్పుడే అవకాశం దక్కనివాడికి అన్యాయం జరగదు. ఇక త్రోలు, క్యాచ్‌లు, ఆపిన పరుగులు, రాకుండా చేసిన ప్రమాదాలు, వీటికి ఖాతా తెరవకుండా మొత్తం కట్టామని ఎవరూ చెప్పకూడదు. జట్టుతో ఆడే ఏ ఆటలోనైనా, జట్టుతో చేసే ఏ పనిలోనైనా గెలుపును పంచే హక్కు ఉన్నవారికి, పేరు కనిపించని వాటా కోసం వెతకాల్సిన బాధ్యత కూడా ఉంది.